అచ్చు వేసిందా, పోత పోసిందా?

పాత వెండి నాణేలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు వినిపించాయి. ఆన్‌లైన్ వేలంలో పాట పాడి పాత వెండి రూపాయలు కొన్నాం, ఇంటికి వచ్చాక అనుమానంగా ఉంది, ఏం చేయాలి? అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను. కొత్తగా చదువుతున్నవారికి ఒక మాట. మా నాన్నగారు గుంటూరు జిల్లాలో వెండిపని చేసేవారు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పాను. నాణేల గురించి నాకు తెలిసినదంతా ఆ కొట్టులోనూ ఆ ప్రయోగశాలలోనూ నేర్చుకున్నదే.

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో 1862 నాటి విక్టోరియా రూపాయలు ఐదు కొన్నాను. మా ఊరి కంసాలి చేతిలోకి తీసుకోగానే ‘ఇది వెండి కాదు’ అన్నాడు. అమ్మినవాడిని అడిగితే పాత వెండి అలాగే ఉంటుందని, బరువు తగ్గడం కూడా సహజమేనని అంటున్నాడు. ఒక నాణెం మీకు పంపుతున్నాను. దయచేసి నిజం చెప్పండి.
— విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు

జవాబు: మీ నాణెం చేరింది. బాధ కలిగించే మాటే చెప్పాలి. అది వెండి కాదు, విక్టోరియా కాలం నాటిదీ కాదు. మీ కంసాలి చేయి అబద్ధం చెప్పలేదు. ఎలా తేలిందో వివరంగా రాస్తాను, మిగిలిన నాలుగింటినీ మీరే తేల్చుకోవచ్చు.

మొదట బరువు. 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తులాన్ని రూపాయి బరువుతో ముడిపెట్టింది. 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. మన ఇళ్ళలో పెద్దలు ‘రూపాయి ఎత్తు’ అని చెప్పేది ఇదే. మా నాన్నగారి కొట్టులో తులం రాయి చేతికి అందకపోతే విక్టోరియా రూపాయినే తక్కెట్లో వేసేవారు, ఎవరూ అభ్యంతరం చెప్పేవారు కాదు. 1835 నుంచి 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు అదే, అందులో 12 వంతులకు 11 వంతులు వెండి. మీరు పంపినది 10.20 గ్రాములే తూగింది.

అరిగి తగ్గిందని అమ్మినవాడు చెప్పాడు కదా. చేతులు మారిన రూపాయి కొంత తగ్గడం నిజమే. కానీ అరుగుదల ముందుగా తినేది బొమ్మను. ఎత్తుగా ఉండే చెంప, చెవి దగ్గరి జుట్టు, కిరీటం అంచు మొదట నున్నబడతాయి. ఒకటిన్నర గ్రాముల లోహం పోయేంతగా అరిగితే రాణి ముఖం నీడలా మిగలాలి. మీ నాణెం మీద మాత్రం దుస్తుల మీది అల్లిక పూలు లెక్కపెట్టగలిగేటంత స్పష్టంగా ఉన్నాయి. బొమ్మ కొత్తది, బరువు అరిగినది. ఈ రెండూ ఒక నాణెంలో ఇమడవు.

తర్వాత సాంద్రత. ఇది ఇంట్లోనే చేయవచ్చు, నాణేనికి గీత కూడా పడదు. గ్రాములో నూరో వంతు దాకా చూపే చిన్న డిజిటల్ కాటా కావాలి. ముందు నాణెం బరువు రాసుకోండి. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్నని దారం కట్టి, నీళ్ళలో పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయండి. బుడగలు అంటుకుంటే మెల్లగా తట్టి వదిలించండి. అప్పుడు కాటా చూపే అంకె నాణెం తొలగించిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. 11.66 గ్రాముల అసలు రూపాయికి ఆ అంకె 1.13 దగ్గర ఉండాలి, సాంద్రత 10.3 దాకా రావాలి. మీ నాణేనికి 1.19 చూపింది, అంటే 8.57. అది జర్మన్ సిల్వర్ అంకె. పేరులో తప్ప అందులో వెండి ఒక్క రవ్వ కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. ఎనిమిదో తరగతి పిల్లలతో ఎన్నోసార్లు చేయించిన ప్రయోగం ఇది. ఇరవై నిమిషాల పని, మీ నాలుగు నాణేలకూ చేయండి.

చివరగా అంచు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో చుట్టూ చూశాను. ఒకచోట అంచు గీతలు ఆగిపోయి, ఆకురాయితో రాకిన గుర్తులు కనిపించాయి. పోత మూసలో కరిగిన లోహం పోసినప్పుడు రెండు సగాలు కలిసే చోట గీత మిగులుతుంది. దాన్ని రాకి చెరిపారు. అక్షరాల పక్కన సూదిమొనంత గుంటలు కూడా ఉన్నాయి. అవి పోతలో చిక్కుకున్న గాలి బుడగల జాడలు. టంకశాలలో అచ్చుతో కొట్టిన నాణెం ఉపరితలం బిగుతుగా ఉంటుంది, అందులో ఇలాంటి గుంటలు రావు.

ఇక డబ్బు సంగతి. నాణేలు, కవరు, పొట్లం మీది చిరునామా చీటీ, సంభాషణలన్నీ భద్రపరచండి. వేలం సంస్థకు ఈ అంకెలతో సహా ఫిర్యాదు రాయండి. స్పందన లేకపోతే వినియోగదారుల సహాయ సంఖ్య 1915, సైబర్ మోసాలకు 1930. నకిలీని అసలుదని చెప్పి అమ్మడం భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం. ‘చిన్న మొత్తమే కదా’ అని ఊరుకోకండి. మీలాగే మరో వందమంది ఊరుకుంటారనే ధైర్యంతోనే వారు అమ్ముతున్నారు.

ప్రశ్న: మా నానమ్మ ఇచ్చిన చార్మినార్ రూపాయిని ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. కొన్నాయన వారం తర్వాత వెనక్కి పంపాడు. అరగ్రాము తక్కువ ఉందట, నకిలీ అట. పైగా అందరూ చూసేలా నన్ను మోసగత్తె అని రాశాడు. మా నానమ్మ ట్రంకు పెట్టెలో నుంచి తీసిన నాణెం అది. నకిలీ ఎలా అవుతుంది?
— గృహిణి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటోలూ అంకెలూ చూశాక ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మీ నాణెం మచ్చలేని అసలు నాణెం. తప్పు కొన్నాయన లెక్కలో ఉంది.

ఆయన బ్రిటిష్ రూపాయి కొలతతో నిజాం రూపాయిని కొలిచాడు. హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం ఉండేది. ‘హాలీ సిక్కా’ అనేవారు. దాని బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయిలో వెండి 91.7 శాతం. రెండూ వేర్వేరు ప్రభుత్వాల వేర్వేరు డబ్బులు, మారకం కట్టి మార్చుకునేవారు. మీ నాణెం 11.14 గ్రాములు తూగిందని రాశారు. నూరేళ్ళు దాటిన నాణెం అంతే తూగాలి. 11.66 గ్రాములు తూగే ‘చార్మినార్ రూపాయి’ దొరికితే నాకు దాని మీదే అనుమానం వస్తుంది.

మీ ఫొటోలో చార్మినార్ ద్వారం మధ్యలో ఒక చిన్న అక్షరం ఉంది, గమనించారా? అది ఉర్దూ లిపిలోని ‘ఐన్’. ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరం. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ నాణేల మీద అదే చోట ‘మీమ్’ ఉంటుంది. ‘92’ అనే అంకె కూడా కనిపిస్తుంది. అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అన్న పేరు విలువ అది. తేదీ హిజ్రీ 1330, అంటే 1911 చివర నుంచి 1912 చివర దాకా. ఆయన గద్దెనెక్కిన తొలి రోజుల నాణెం.

వేలం సంస్థకు రాయండి. బరువు, వెండి శాతం, అక్షరం, తేదీ, ఈ నాలుగూ చెప్పి ఆ నిందను తొలగించమని పట్టుపట్టండి. సాంద్రత కూడా చూడండి. 10.2 దగ్గర వస్తుంది, బ్రిటిష్ రూపాయి కంటే కాస్త తక్కువ. అదీ సరైనదే. నా మాట వింటే మాత్రం దాన్ని మళ్ళీ వేలానికి పెట్టకండి. నానమ్మ ట్రంకు పెట్టె చరిత్ర కొన్నవాడికి అందదు కదా. వీలైనప్పుడు హైదరాబాద్‌లోని సైఫాబాద్ టంకశాలకు వెళ్ళి రండి. 1903లో కట్టిన ఆ భవనంలో 2022 నుంచి మ్యూజియం నడుస్తోంది.

ప్రశ్న: అయస్కాంతం, మోగించడం, మంచు ముక్క, ఆమ్లం. వీటిలో దేన్ని నమ్మాలి?
— అనంతపురం

జవాబు: ఆమ్లం జోలికి వెళ్ళకండి. గీటురాయి మీద రుద్దినా నాణెం విలువ పోతుంది, మా నాన్నగారు కరిగించబోయే వెండికి మాత్రమే గీటు పెట్టేవారు. అయస్కాంతానికి అంటుకుంటే నాణెం నకిలీ, అంతవరకు సరే. అంటుకోకపోతే మాత్రం ఏమీ తేలినట్టు కాదు, రాగి కూడా అంటుకోదు, జర్మన్ సిల్వర్ కూడా అంటుకోదు. బలమైన అయస్కాంతాన్ని ఏటవాలుగా పట్టుకున్న వెండి మీద వదిలితే నెమ్మదిగా జారుతుంది. జర్మన్ సిల్వర్ మీద చప్పున జారిపోతుంది. కానీ రాగి మీద కూడా నెమ్మదిగానే జారుతుంది కాబట్టి వెండి పూత పూసిన రాగిని ఇది పట్టలేదు. మంచు ముక్క సంగతీ అంతే, వెండి మీద గబగబా కరుగుతుంది, రాగి మీద కూడా. మోత మంచి పరీక్షే, కానీ రాతి మీద పడేసి కాదు. వేలి కొన మీద నిలిపి మరో నాణెంతో మెల్లగా తట్టండి. వెండి మోత సన్నగా సాగుతుంది. పోత నాణెం ‘టక్’మని ఆగిపోతుంది. వీటన్నిటికంటే కాటా, నీళ్ళ గ్లాసు నమ్మదగినవి.

ప్రశ్న: నాణెం చేతికి వచ్చాక పరీక్షలు సరే. పాట పాడకముందే, ఫొటో చూసి ఎలా గుర్తుపట్టాలి?
— ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: ఎంతో అవసరమైన ప్రశ్న. నాకు జరిగిన నష్టంతో మొదలుపెడతాను.

కొన్నేళ్ళ క్రితం ఆర్కాటు రూపాయల మీద మనసు పడింది. మద్రాసులో కంపెనీవారు అచ్చు వేసినవి. మొఘల్ చక్రవర్తి రెండో ఆలంగీర్ పేరు, తామర పువ్వు గుర్తు, హిజ్రీ 1172 తేదీ. చక్రవర్తి పోయినా ఆ తేదీని దశాబ్దాల పాటు అలాగే ఉంచారు. ఒక వేలంలో ఒకటి దక్కింది. మూడు నెలల తర్వాత, మరో ఊరి నుంచి మరో పేరుతో అమ్ముతున్న ఇంకొకటి దక్కింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూస్తుంటే గుండె జారిపోయింది. రెండింటి మీదా తామర పువ్వుకు ఎడమవైపు ఒకే చోట ఒకే ఆకారంలో చిన్న నొక్కు. అంచుకు దగ్గరగా ఒకే వంకర గీత.

ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలకు అచ్చులోని లోపాలు ఒకేలా ఉండవచ్చు. అచ్చులో పగులు ఉంటే ప్రతి నాణెం మీదా ఉబ్బెత్తు గీతగా వస్తుంది. కానీ నొక్కులు, గీతలు నాణెం బతుకులో తగిలిన గాయాలు. ఒకదాని గాయం మరొకదానికి అదే చోట తగలదు. గాయపడిన ఒక అసలు నాణేన్ని నమూనాగా తీసుకుని, దాని గాయాలతో సహా పదుల కొద్దీ తయారుచేశారన్నమాట. రెండింటి బరువూ దాదాపు సరిగ్గానే ఉంది. వెండి కూడా అసలు వెండే. వెండితో చేసిన నకిలీ అన్నింటికంటే ప్రమాదకరమని ఆ రోజు నేర్చుకున్నాను.

కాబట్టి పాటకు ముందు అమ్మేవారి పాత అమ్మకాలన్నీ తెరిచి చూడండి. అరుదైన నాణెం అదే మనిషి దగ్గర నెలకు నాలుగుసార్లు వచ్చిందంటే అక్కడ ఆగిపోండి. ఫొటోలను పక్కపక్కన పెట్టి గాయాలు పోల్చండి. అంచు ఫొటో అడగండి. పోత దొంగలకు అంచు కష్టం, అందుకే దాన్ని చూపించరు. ఈ రోజు తేదీ చేత్తో రాసిన కాగితం మీద నాణెం పెట్టి ఫొటో తీయమనండి, కాటా మీద పెట్టి బరువు చూపమనండి. నిజాయితీగా అమ్మేవారు విసుక్కోకుండా పంపుతారు. తేదీకీ బిరుదుకూ పొంతన ఉందో చూడండి. విక్టోరియా 1877 నాణేల నుంచే ‘ఎంప్రెస్’, అంతకు ముందు ‘క్వీన్’. 1862 తేదీతో ‘ఎంప్రెస్’ అని ఉంటే ఇక వేరే పరీక్ష అక్కరలేదు.

ధర సంగతి ఒక చిన్న లెక్క. బ్రిటిష్ రూపాయిలో దాదాపు 10.7 గ్రాముల స్వచ్ఛమైన వెండి ఉంటుంది. ఆ రోజు గ్రాము ధరతో గుణించండి. అంతకంటే తక్కువ స్థిర ధరకు ఎవరైనా పదుల కొద్దీ అమ్ముతుంటే, ఆ మనిషి వాటిని కరిగించి వెండిగా ఎందుకు అమ్ముకోవడం లేదో ఆలోచించండి.

సంస్థ బయట నేరుగా ఫోను నుంచి డబ్బు పంపమంటే పంపకండి. పొట్లం విప్పేటప్పుడు మొదటి నుంచి చివర దాకా వీడియో తీయండి.

ప్రశ్న: 1939 నాటి రూపాయి వేలానికి వచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి, అంతర్జాతీయ సంస్థ ధ్రువీకరించిన సంఖ్య కూడా ఉంది. పొలం అమ్మిన డబ్బులో కొంత దీనిమీద పెట్టాలని ఉంది.
— కరీంనగర్ జిల్లా

జవాబు: దయచేసి ఈ వారం పాట పాడకండి.

1939 రూపాయి నిజంగా అరుదైనది, పాత ప్రమాణంతో వచ్చిన చివరి వెండి రూపాయి. అందుకే దొంగల కన్ను దాని మీద ఉంటుంది. వారు కొత్తగా చేయాల్సిన పని కూడా లేదు. 1938 రూపాయి మామూలుగా దొరుకుతుంది, దాని చివరి 8ని చెక్కి 9 చేస్తారు. అప్పుడు బరువు సరిపోతుంది, సాంద్రత సరిపోతుంది, మోత సరిపోతుంది. నేను పైన చెప్పిన పరీక్షలన్నీ ఓడిపోతాయి. చూడవలసింది ఆ ఒక్క అంకెనే. పేరున్న వేలం సంస్థల పాత జాబితాల్లోని అసలు నాణెం ఫొటోతో ఆ 9 ఆకారం, ఎత్తు, తోక వంపు పోల్చాలి. దాని చుట్టూ ఉన్న నేల మిగతా చోట్ల కంటే పల్లంగా గాని, నున్నగా గాని ఉంటే అక్కడ ఉలి తిరిగిందని అర్థం. 1940 రూపాయిని 1939గా దిద్దే వీలు తక్కువ. ఆ ఏడు నుంచి వెండి సగానికి తగ్గింది, అంచు తీరు కూడా మారింది.

ప్లాస్టిక్ డబ్బాను చూసి నమ్మకండి. డబ్బాలకు కూడా నకిలీలు వస్తున్నాయి. దాని మీది సంఖ్యను ఆ ధ్రువీకరణ సంస్థ సొంత వెబ్‌సైట్‌లో మీరే టైపు చేసి చూడండి, అమ్మేవారు పంపిన లింకు నొక్కకండి. అక్కడ నాణెం ఫొటో ఉంటే ప్రతి గీతా పోల్చండి. దొంగలు నిజమైన సంఖ్యనే కాపీ చేసి వేరే నాణేన్ని లోపల పెడతారు.

ఇదే దారిలో 1911 రూపాయి కూడా ఉంది. ఐదో జార్జి వస్త్రం మీది ఏనుగు తొండం పొట్టిగా, పంది మూతిలా ఉందని గొడవ జరిగి, వెనక్కి తీసుకుని కరిగించారు. 1912లో ఏనుగును సరిదిద్దారు. ఇప్పుడు 1912ను 1911గా దిద్ది అమ్ముతారు. కానీ తేదీని దిద్దినంత తేలికగా ఏనుగును దిద్దలేరు. తొండం చూడండి చాలు.

పొలం డబ్బు గురించి రాశారు కాబట్టి అడగకపోయినా చెబుతున్నాను. మొదట 1918 రూపాయి ఒకటి కొనుక్కోండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కరువైతే, అమెరికా పిట్‌మన్ చట్టం కింద 25 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించి ఆ వెండిని బ్రిటన్‌కు అమ్మింది, అది మన రూపాయల కోసమే. ఆ ఏడాది రూపాయలు కుప్పలుగా ఉన్నాయి, వెండి ధర మీద కొంత ఎక్కువకు దొరుకుతాయి. ఒక అసలు నాణేన్ని ఆరు నెలలు చేతిలో తిప్పండి. ఆ తర్వాత 1939 గురించి మళ్ళీ ఉత్తరం రాయండి.

ప్రశ్న: నేను డిగ్రీ చరిత్ర విద్యార్థిని. గౌతమీపుత్ర శాతకర్ణి తిరిగి ముద్రించిన నహపాణుడి వెండి నాణెం రెండు వేలకు వేలంలో ఉంది. ‘మా పొలంలో దొరికింది’ అని రాశారు. కొననా?
— గుంటూరు

జవాబు: అమ్మాయీ, నీ ఆశ నాకు అర్థమవుతుంది. ఆ నాణెం లాంటి సాక్ష్యం మరొకటి లేదు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నహపాణుడి బొమ్మ మీదే శాతకర్ణి తన గుర్తులు కొట్టించినవి. మూడు వంపుల కొండ ఒకవైపు, ఉజ్జయిని గుర్తు మరోవైపు. ఓడిపోయిన రాజు ముఖం గెలిచిన రాజు గుర్తు కింద నుంచి ఇంకా తొంగి చూస్తూ ఉంటుంది.

అసలును పట్టిచ్చేది కూడా ఆ తొంగిచూపే. మొదటి ముద్ర చదునై, చెదిరి ఉంటుంది. రెండో ముద్ర దానిని తొక్కి, పదునుగా లోతుగా దిగి ఉంటుంది. రెండు దెబ్బలు రెండు కాలాల్లో పడ్డాయని కంటికి తెలుస్తుంది. పోత నకిలీలో రెండూ ఒకేసారి పోసినవి కాబట్టి రెండూ ఒకే మెత్తదనంతో, సబ్బు మీద చెక్కినట్టు కనిపిస్తాయి. నువ్వు పంపిన ఫొటోలో నాకు కనిపించింది ఆ సబ్బుతనమే.

‘పొలంలో దొరికింది’ అన్న మాట నిజమైతే అది ఇంకా పెద్ద చిక్కు. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నుంచి చట్టం ఉంది. నూరేళ్ళు దాటిన నాణెం 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. దాన్ని వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి ఆ మాట అబద్ధమైతే నకిలీ, నిజమైతే నేరం. రెంటిలోనూ నీకు పని లేదు.

ఆ రెండు వేలతో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియానికి వెళ్ళు, మీ ఊరికి దగ్గరలోని అమరావతి చూడు. అమరావతిలో దొరికిన ఒకే నిధిలో ఏడు వేలకు పైగా వెండి విద్ధాంక నాణేలు (చిన్న చిన్న గుర్తులు గుద్దిన ప్రాచీన నాణేలు) ఉన్నాయని నీ పాఠంలో వచ్చే ఉంటుంది. అసలు నాణేల ముందు గంటసేపు నిలబడిన కన్ను, తర్వాత ఫొటోలో సబ్బుతనాన్ని దూరం నుంచే పసిగడుతుంది.

ప్రశ్న: మా బావమరిది దగ్గర హనుమంతుడి బొమ్మతో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం ఉంది. బియ్యాన్ని లాగుతుందట, కోట్లకు కొంటారట. ముందు పరీక్ష రుసుము కట్టమంటున్నారు.
— మహబూబ్‌నగర్

జవాబు: కట్టకండి. కంపెనీ అలాంటి నాణెం ఎన్నడూ అచ్చు వేయలేదు. బియ్యాన్ని లాగే లోహం ఏదీ లేదు, ఈ మాట భౌతికశాస్త్రం చెప్పిన మనిషిగా అంటున్నాను. ఈ ‘రైస్ పుల్లింగ్’ మాటతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కుటుంబాలు ఇళ్ళు తాకట్టు పెట్టుకున్నాయి. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరుతో రుసుము అడిగేవారిని నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. బావమరిదికి ఈ పేజీ చూపించండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే ఈ రోజే 1930కి ఫోను చేయండి.

ప్రశ్న: పదేళ్ళలో మోసపోయి కొన్నవి, తెలిసే కొన్నవి కలిపి నా దగ్గర పదకొండు నకిలీలు పోగయ్యాయి. పారేయబుద్ధి కావడం లేదు. నకిలీలను సేకరించడం తప్పా? ‘నకిలీ’ అని చెప్పి అమ్మవచ్చా?
— నాణేల సేకర్త, విశాఖపట్నం

జవాబు: తప్పు కాదు. నా దగ్గర అరవై మూడు ఉన్నాయి. కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చిన పిల్లలకు నేను మొదట చూపించేది ఆ పెట్టెనే.

నకిలీ నాణేనికి అసలు నాణెం అంత వయసు ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాణేలను పరీక్షించే అధికారి ఉన్నాడు, ‘రూపదర్శకుడు’. దొంగ నాణేనికి ‘కూటరూపం’ అనే పేరూ ఉంది. రాగి మీద వెండి పూసిన విద్ధాంక నాణేలు తవ్వకాల్లో దొరుకుతూనే ఉన్నాయి. ఆ కాలంలోనే బజారులో చెలామణీ చేయడానికి చేసిన దొంగ నాణెం కూడా చరిత్రే. అప్పుడు వెండి ఎంత కరువో, జనం ఏ నాణేన్ని నమ్మేవారో అది చెబుతుంది. అలాంటివి సేకరించదగినవి. నిన్నమొన్న మనలాంటి సేకర్తలను ముంచడానికి చేసినవి వేరు. అవి పాఠానికి పనికివస్తాయి, గౌరవానికి కాదు.

జర్మనీలో కార్ల్ విల్హెల్మ్ బెకర్ అనే మనిషి ఉండేవాడు, 1772లో పుట్టి 1830లో పోయాడు. గ్రీకు, రోమన్ వంటి పాత నాణేలకు మూడు వందలకు పైగా రకాల అచ్చులు తన చేత్తో చెక్కాడు. కొత్త నాణేలను ఇనుప రజనుతో కలిపి పెట్టెలో వేసి, బండికి కట్టి ఊళ్ళు తిప్పేవాడని చెబుతారు, ఆ రాపిడికి పాతబడేందుకు. ఆయన అచ్చులు ఇప్పుడు బెర్లిన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని భద్రపరచడం వల్లే ఈనాటికీ ఏ నాణెం ఆయన చేతిదో పోల్చి చెప్పగలుగుతున్నారు. నకిలీని దాచుకోవడంలో ఉన్న ప్రయోజనం ఇదే.

అమ్మకం మాత్రం వద్దు. మీరు ‘నకిలీ’ అని చెప్పే అమ్ముతారు. కొన్నవాడు కూడా చెప్పే అమ్మవచ్చు. మూడో చేతికి వెళ్ళేసరికి ఆ మాట రాలిపోతుంది, నాణెం మిగులుతుంది. నెల్లూరు పాఠకుడి ఉత్తరం పైన చదివారు కదా, ఆ ఐదు నాణేలు కూడా మొదట ఎవరో ‘పూజకు పనికొచ్చే నమూనా’ అనే పేరుతో అమ్మి ఉండవచ్చు. నేను నా అరవై మూడింటికీ ఒక్కో కాగితపు కవరు పెట్టాను. మీద ఎప్పుడు కొన్నానో, ఎంతకు కొన్నానో, బరువు, సాంద్రత, ఎలా పట్టుబడిందో రాశాను. పెట్టె మూత మీద ఎర్ర సిరాతో ‘ఇవి అసలువి కావు, అమ్మకూడదు’ అని రాసి, మా పిల్లలకు చూపించి సంతకాలు కూడా తీసుకున్నాను. నా తర్వాత ఆ పెట్టె ఏ కాలేజీ చరిత్ర శాఖకు వెళ్ళాలో కూడా చెప్పి ఉంచాను. మీ పదకొండింటికీ ఈ పని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అత్తగారు పోతూ నాకు ఒక విక్టోరియా రూపాయి ఇచ్చారు. ఇరవై రెండేళ్ళుగా వరలక్ష్మీ వ్రతం నాడు కలశం ముందు పెట్టి పూజిస్తున్నాను. మీ శీర్షిక చదివి తూచి చూశాను. 9.8 గ్రాములే ఉంది, అంచు గీతలు సరిగా లేవు. మనసు చిన్నబోయింది. దాన్ని తీసేయాలా?
— రాజమహేంద్రవరం

జవాబు: తీసేయకండి అమ్మా. మీ అంకెలు చూస్తే అది పూజల కోసం తర్వాతి కాలంలో తయారుచేసిన రూపాయి అనిపిస్తోంది. పండుగల ముందు పాత రూపాయల నమూనాలు చేసి అమ్మడం చాలాకాలంగా ఉంది. మీ అత్తగారు దాన్ని పాతదని నమ్మే కొని ఉంటారు, లేదా ఆవిడకు ఆవిడ అత్తగారు ఇచ్చి ఉంటారు. ఆమె చేతి నుంచి మీ చేతికి వచ్చిన మాట మాత్రం నిజం. శ్రావణ శుక్రవారం నాడు కలశం ముందు దానికి ఆ చోటు చాలు.

ఒక చిన్న పని చేయండి. తెల్ల కాగితం ముక్క మీద ‘విక్టోరియా కాలం నాటిది కాదు, అత్తగారు ఇచ్చిన పూజ రూపాయి’ అని మీ దస్తూరీతో రాసి, నాణెంతో పాటు కుంకుమ భరిణెలో పెట్టండి. రేపు మీ కోడలో మనవరాలో దాన్ని తెలియక వేలానికి పెట్టకుండా ఆ కాగితం ఆపుతుంది. సాంద్రత కూడా ఒకసారి చూసి నాకు రాయండి, అది వెండేనా కాదా తెలుస్తుంది. తడిసిన నాణేన్ని రుద్దకుండా మెత్తని నూలు గుడ్డతో అద్ది ఆరనివ్వండి.